తేదీల్లేని పాత నోట్‌బుక్కుల్లో ఒక ఆలోచన ఎప్పుడు మొదలైందో తేల్చడం ఎలా?

తోటపల్లి కాలువ:

అందరికీ నమస్కారం. విషయం కాస్త పొడుగ్గా ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

మా పెద్ద మావయ్య పార్వతీపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పోయినేడు కాలం చేశారు. సంవత్సరికం నాటికి ఆయన గురించి చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయిద్దామని ఇంట్లో అనుకున్నాం, రాసే పని నా నెత్తిన పడింది. ఆయన శిష్యుల్ని ఎవరిని కదిపినా ముందు చెప్పేది భిన్నాల గురించే. కాగితం పట్టీలు కత్తిరించి ఇచ్చి, మడతలు పెట్టించి, మూడోవంతు పెద్దదో నాలుగోవంతు పెద్దదో పిల్లల చేతే తేల్పించేవారట. పుస్తకంలో లేని పద్ధతి, మాస్టారు సొంతంగా కనిపెట్టారు అంటారు అందరూ. మా అత్తయ్య మాటా అదే. కానీ ఆయనతో కలిసి పనిచేసిన ఒక మాస్టారు (ఎనభై దాటాయి, మాట మాత్రం ఖణీమని ఉంది) ఫోన్లో కొట్టిపారేశారు. "సొంతమేంటి బాబూ, అది ఏపీపెప్ ట్రైనింగులో చెప్పిందే, మేమందరం చేశాం" అన్నారు. ఏపీపెప్ తెలియని వాళ్ళకి: ఉమ్మడి రాష్ట్రంలో ఎనభైల్లో మొదలై తొంభైల మధ్య దాకా బ్రిటిష్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం అది. పిల్లల చేత ఏదో ఒక పని చేయిస్తూ పాఠం చెప్పాలని టీచర్లకి ట్రైనింగులు ఇచ్చేవారు.

నా దగ్గర ఆయన కాగితాలు రెండు రకాలు ఉన్నాయి. స్కూలు తరఫున రాసిన టీచర్ డైరీలు, లెసన్ ప్లాన్లు ఒక కట్ట. వాటిలో తేదీలు, పై అధికారుల సంతకాలు అన్నీ పద్ధతిగా ఉంటాయి కానీ వట్టి చప్పిడి. "భిన్నముల కూడిక బోధించితిని", అంతే. ఇక సొంతానికి రాసుకున్న లాంగ్ నోట్‌బుక్కులు ఒక సంచినిండా ఉన్నాయి, అసలు సరుకంతా వీటిలోనే ఉంది. పాల లెక్క పక్కనే ఎవరో పిల్లాడు చేసిన తప్పు, దాని కింద వాడెందుకు అలా చేశాడో ఈయన ఊహ. ఒక పేజీలో 1/3 + 1/4 = 2/7 అని వేసి ఉంది, కింద "వీడిది తప్పనడానికి లేదు, వరస తప్పకుండా కలపమని మొన్నటిదాకా నేర్పింది నేనే" అని రాసుకున్నారు.

చిక్కల్లా ఏమిటంటే ఈ నోట్‌బుక్కుల మీద తేదీలు లేవు. కొన్ని పేజీలు చింపేసి ఉన్నాయి, కొన్నిచోట్ల ఒకే పేజీలో రెండు మూడు రంగుల సిరా. కాగితం పట్టీల ఆలోచన ట్రైనింగుకి ముందే వచ్చిందా, తరవాత వచ్చిందా అనేది వీటి నుంచి తేల్చొచ్చా? నాకు చరిత్ర పరిశోధనలో ఓనమాలు కూడా రావు, నేను చదివింది బీకాం. అత్తయ్య నమ్మకం మీద నీళ్ళు చల్లడం ఇష్టం లేదు, అలాగని అబద్ధం అచ్చు వేయడమూ ఇష్టం లేదు.


సిరాబుడ్డి:

కొంతవరకు తేల్చొచ్చు. ఇలాంటి చిక్కు మీదే సైన్సు చరిత్రకారులు కొందరు దశాబ్దాలు గడిపారు. డార్విన్ నోట్‌బుక్కుల సంగతి మీ పనికి బాగా దగ్గరగా ఉంటుంది కాబట్టి అది కాస్త వివరంగా చెప్తాను, విసుక్కోకండి.

డార్విన్ ముసలితనంలో, 1876లో, ఇంట్లో వాళ్ళ కోసం ఆత్మకథ రాసుకున్నాడు. 1838 అక్టోబరులో ఏదో కాలక్షేపానికి మాల్థస్ జనాభా పుస్తకం చదువుతుంటే, బతుకు పోటీలో పనికొచ్చే మార్పులు నిలబడి పనికిరానివి పోతాయని చటుక్కున తట్టిందని, అలా తనకో సిద్ధాంతం దొరికిందని అందులో చెప్పాడు. చదవడానికి బాగుంటుంది. మనం స్కూల్లో విన్నదీ ఇంచుమించు ఇదే. కానీ ఆ రోజుల్లో ఆయన జేబులో పెట్టుకు తిరిగిన నోట్‌బుక్కులు ఇప్పటికీ ఉన్నాయి. బి, సి, డి, ఇ అని వాటికి ఆయనే అక్షరాలు పెట్టుకున్నాడు. 1837 జులైలో బి మొదలైంది, 1839 జులైకల్లా ఇ ముగిసింది. మాల్థస్ ప్రస్తావన వచ్చేది డి లో, తేదీ సెప్టెంబరు 28. ఆత్మకథలో అక్టోబరు అన్నాడు కాబట్టి కొద్ది రోజుల తేడా, దాన్ని వదిలేద్దాం. అసలు తేడా ఆ తరవాతి పేజీల్లో ఉంది. "దొరికిందోయ్" అన్న సంబరమే కనపడదు. మాల్థస్ మీద ఒక గట్టి పేరా రాసి, మళ్ళీ తన మామూలు ప్రశ్నల్లోకి వెళ్ళిపోయాడు. ఆ ముక్కని పట్టుకుని వారసత్వం, చిన్న చిన్న తేడాలు, సంతానం మరీ ఎక్కువగా పుట్టడం, వీటిని ఒకచోట చేర్చి బిగించిందీ, మనుషులు పశువుల్నీ పావురాల్నీ ఎంచి పెంచడంతో పోల్చిందీ ఇ నోట్‌బుక్కులో, ఆ ఏడు చలికాలంలో. ముప్ఫై ఎనిమిదేళ్ళ తరవాత గుర్తు చేసుకుంటే ఈ నెలల పెనుగులాటంతా ఒక్క సాయంత్రంగా మిగిలింది. ఆయన అబద్ధమాడాడని కాదు, జ్ఞాపకం చేసే పనే అది.

ఇంకా వెనక్కి, బి నోట్‌బుక్కుకి వెళ్తే 36వ పేజీలో పైన "ఐ థింక్" అని రెండే ముక్కలు, కింద కొమ్మలు కొమ్మలుగా ఒక బొమ్మ. టీషర్టుల మీద కూడా అచ్చేస్తున్నారు దాన్ని. అది 1837 నాటిది. అంటే జీవజాతులు చెట్టులా చీలుతూ వచ్చాయన్నది ముందు వచ్చింది, ఎందుకు చీలుతాయన్న దానికి ఏడాది పైన పట్టింది. అదే నోట్‌బుక్కు మొదట్లో వేరే సిద్ధాంతం ఒకటి ఉంది, దాన్ని ఎవరూ టీషర్టు మీద వేయరు. ప్రాణమున్న అతి సూక్ష్మమైన కణాలు తమంత తాముగా పుడతాయని, మనిషికి ఆయుష్షు ఉన్నట్టే వాటికీ ఆయుష్షు ఉంటుందని, అది తీరినప్పుడు వాటి నుంచి వచ్చిన జాతులన్నీ పోతాయని ఊహించాడు. కొన్నాళ్ళకి వదిలేశాడు. చివరికి నెగ్గిన ఆలోచనని చేతిలో పట్టుకుని వెనక్కి వెతుక్కుంటూ పోతే ఇలాంటివి కళ్ళకే ఆనవు. అందుకే మీకు నా మొదటి సలహా: "పట్టీ" అన్న మాట కోసం వెతకొద్దు. సంచిలో మొదటి నోట్‌బుక్కు మొదటి పేజీ నుంచి, మావయ్యగారికి ముందేం జరగబోతోందో తెలియనట్టే చదువుకుంటూ రండి. మూడోవంతు, నాలుగోవంతు గొడవ ఆయన్ని ఎప్పటి నుంచి పీడిస్తోందో చూడండి.

సిరా రంగుల గురించి అడిగారు. అది చిక్కు అనుకుంటున్నారు కానీ అదే మీకు ఆధారం. డార్విన్ మామూలుగా గోధుమ రంగు సిరాతో రాసేవాడు, 1838 జులై చివర్నుంచి అక్టోబరు మధ్య దాకా మాత్రం బూడిద రంగు సిరా వాడాడు. పాత పేజీలో ఖాళీ చూసి బూడిద సిరాతో ఏదైనా ఇరికిస్తే, అది ఆ పేజీ నాటి మాట కాదు, ఆ రెండున్నర నెలల్లో వెనక్కి తిరిగి చదువుతూ చేర్చిన మాట అని పరిశోధకులు పట్టుకున్నారు. ఒకే పేజీ మీద ఇద్దరు డార్విన్‌లు ఉన్నట్టన్నమాట. మీరు కూడా ఏ రంగు ఏ నోట్‌బుక్కులో ప్రధానంగా ఉందో చూసుకుంటే, ముందు పేజీల్లో ఆ రంగు ఎక్కడెక్కడ దూరిందో తెలుస్తుంది.

చింపిన పేజీలు పారేశారని కూడా అనుకోకండి. డార్విన్ 1856లో పెద్ద పుస్తకం రాయడానికి కూర్చున్నప్పుడు పనికొచ్చే పేజీలన్నీ కత్తిరించి తీసేశానని బి అట్ట లోపల తానే రాసుకున్నాడు. విషయాల వారీగా ఫైళ్ళలో వేసుకున్నాడు. వందేళ్ళ తరవాత వాటిలో చాలావరకు ఆయన కాగితాల్లోనే బయటపడ్డాయి. మీ మావయ్యగారు చింపినవి లెసన్ ప్లాన్ల కట్టలోనో, ఏ ట్రైనింగు పుస్తకం మధ్యలోనో ఉండొచ్చు.


బీరువా తాళం:

పాత కాగితాల విభాగంలో పనిచేసిన అనుభవంతో చెప్తున్నా, చదవడం మొదలుపెట్టే ముందే ఫోటోలు తీయండి. సంచిలోంచి ఏ వరసలో బయటికి వస్తే ఆ వరసలోనే తీయండి, మీ బుద్ధికి తోచినట్టు సర్దకండి. అట్టలు, ఖాళీ పేజీలు, చింపిన చోట మిగిలిన అంచులు, మధ్యలో పెట్టిన బస్సు టిక్కెట్లు, చీటీలు, అన్నీ ఉన్నచోటే ఉంచి తీయాలి. చీటీ ఏ రెండు పేజీల మధ్య ఉందో రాసుకోకుండా బయటికి తీస్తే దాని విలువలో సగం పోయినట్టే. సెలోటేప్ వేయొద్దు, లామినేషన్ జోలికి అసలు పోవద్దు. పేజీ నంబర్లు వేయాలంటే మెత్తటి పెన్సిల్‌తో మూలన చిన్నగా వేయండి.

ఫోటోలు ఎందుకంటే, పైన చెప్పిన డార్విన్ నోట్‌బుక్కుల్లో బి, సి రెండూ కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీలో మాయమైపోయాయి తెలుసా? 2000లో ఫోటోలు తీయడానికి బయటికి తెచ్చారు, 2001 జనవరిలో చూస్తే చోటులో లేవు. ఎక్కడో తప్పు అరలో పెట్టి ఉంటారని ఏళ్ళ తరబడి వెతికి, చివరికి 2020లో దొంగతనం జరిగి ఉండొచ్చని బయటికి చెప్పారు. 2022 మార్చిలో ఎవరో గులాబీ రంగు గిఫ్టు బ్యాగులో పెట్టి, లైబ్రేరియన్‌కి ఈస్టర్ శుభాకాంక్షలు అని చీటీ రాసి, లైబ్రరీ వరండాలో వదిలి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళు అసలు కనపడకపోయినా పరిశోధన ఆగలేదంటే కారణం ఫోటోలే. మనింట్లో దొంగల దాకా అక్కర్లేదు, చెదలు చాలు.

ఇక తేదీలు. సొంత నోట్‌బుక్కులో తేదీ లేకపోయినా స్కూలు డైరీలో ఉంది కదా, దాన్ని చప్పిడి అని పక్కన పెట్టకండి. భిన్నాలు ఏ ఏడు ఏ నెలలో ఏ తరగతికి చెప్పారో అందులో దొరుకుతుంది. నోట్‌బుక్కులో పిల్లల పేర్లు ఉంటే ఆ పిల్లలు ఐదో తరగతి ఎప్పుడు చదివారో స్కూలు అడ్మిషన్ రిజిస్టరు చెప్తుంది. పాల లెక్కలో లీటరు ధర కూడా పనికొస్తుంది. మీ ప్రాంతానికైతే ఇంకో సుఖం ఉంది. అట్టమీద గానీ స్కూలు రబ్బరు స్టాంపులో గానీ జిల్లా పేరు చూడండి. పార్వతీపురం 1979 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ ఏడు జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. "తాలూకా", "సమితి" అని ఉంటే మండలాలు రాక ముందుది, అంటే 1985కి ముందు. కాకపోతే పాత స్టాంపుని కొత్త పేరొచ్చాక కూడా కొన్నాళ్ళు వాడేస్తారు, మన ఆఫీసుల సంగతి తెలిసిందేగా. కాబట్టి ఒక్క ఆధారం మీద తీర్పు చెప్పకండి, రెండు మూడు కలిస్తేనే నమ్మండి.


ఎదురుప్రశ్న:

అందరూ నోట్‌బుక్కు అంటే తలకాయ తెరిచి చూపించినట్టు మాట్లాడుతున్నారు. నాకు అంత నమ్మకం లేదు. రామానుజన్‌ని చూడండి. లెక్కంతా పలక మీద చేసేవాడు, కాగితం కొనే స్తోమత లేక. మోచేత్తో తుడిచేసి మళ్ళీ రాసేవాడు, చివరికి తేలిన ఫలితం మాత్రం నోట్‌బుక్కులోకి ఎక్కించేవాడు. అందుకే వేల సూత్రాలు ఉన్నాయి, దారి లేదు. వాటికి రుజువులు రాయడానికి బ్రూస్ బెర్న్‌ట్ అనే ఆయనకి ఐదు సంపుటాలు పట్టాయి, ఆ రుజువులు కూడా రామానుజన్ నడిచిన దారే అని చెప్పడానికి వీల్లేదు. ఆలోచన ఎలా పెరిగిందన్నది ఆ పలక మీద ఉండేది, తుడిచేశాక పోయింది. మీ మావయ్యగారి పలక నల్లబల్ల. పిల్లల ముందు సుద్దముక్కతో చేసి చూసింది, ఇంటికొచ్చి రాసుకోకపోతే లేనట్టేనా? నోట్‌బుక్కులో పట్టీ ప్రస్తావన ఫలానా ఏడు మొదటిసారి కనిపించిందంటే, అప్పటికే చేస్తున్నారని మాత్రమే అర్థం.

ఇంకో మాట. ముందా తరవాతా అన్న పంచాయితీ మీకెందుకు అంత ముఖ్యమైపోయింది? ఫారడే 1822లోనే తన నోట్సులో అయస్కాంతత్వాన్ని కరెంటుగా మార్చాలి అని రాసుకున్నాడు. 1824లో ప్రయత్నించాడు, రాలేదు. 1825లో రాలేదు. 1828లో రాలేదు. 1831 ఆగస్టు 29న ఇనప రింగుకి రెండు పక్కలా తీగ చుట్టి చూస్తే సూది కదిలింది. ఆయన ప్రతి ప్రయోగాన్నీ, ఏమీ జరగని వాటితో సహా, తేదీ వేసి రాసుకున్నాడు. తరవాత్తరవాత పేరాలకి వరస నంబర్లు వేస్తూ పదహారు వేలు దాటించాడు. అలాంటి మనిషి కాబట్టి ఆ తొమ్మిదేళ్ళలో ఎక్కడెక్కడ తట్టుకుని పడ్డాడో మనకి తెలుస్తోంది. నాకైతే 1831 కన్నా ఆ మధ్య ఏళ్ళే బాగా నచ్చుతాయి. మాస్టారి పుస్తకంలో కూడా పద్ధతి ఎవరిదన్న దానికన్నా, ఆయన ఎన్నాళ్ళు కుదరక అవస్థపడ్డారో రాయండి. ట్రైనింగుకి వందమంది వెళ్తారు. వచ్చాక పట్టీలు కత్తిరించింది ఎందరో మీ ఎనభై ఏళ్ళ మాస్టార్నే అడగండి.


ఇజీనగరం:

ఎదురుప్రశ్న గారితో సగం ఏకీభవిస్తాను. కానీ దారి దొరక్కపోయినా మజిలీలు దొరికితే చాలా చెప్పొచ్చు. మా ఊరి గురజాడ అప్పారావు గారే ఉన్నారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. మనం చదివేది, గిరీశం డైలాగులు బట్టీపట్టేది మాత్రం 1909 నాటి రెండో కూర్పు. అది సవరణ అనడానికి లేదు, ఇంచుమించు కొత్త నాటకం. ఐదంకాలది ఏడంకాలైంది. మొదటి దాంట్లో మధురవాణి ఒక మూలన ఉంటుంది, రెండో దాంట్లో నాటకమంతా ఆవిడ చేతుల మీదుగా నడుస్తుంది. చాలాకాలం మొదటి కూర్పు ఎవరికీ దొరక్క, జనానికి ఈ తేడా సంగతే తెలియదు. 1969లో బంగోరె అనే సాహిత్య పరిశోధకుడు దాన్ని పట్టుకుని మళ్ళీ అచ్చు వేయించాకే పక్కపక్కన పెట్టి చూడటం కుదిరింది.

మొదటి కూర్పుకి ఆయన రాసిన పీఠికలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంటుంది. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారుచేయించారు. మూడేళ్ళ మీద 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు కూడా ఉన్నారు అందులో. ఆ లెక్కలు అప్పారావు గారి బుర్రలో పడి నాటకం అయ్యాయని సులువుగా అనేస్తాం. మొదటి కూర్పుకి అది సరిపోతుందేమో. మధురవాణి ఆ జాబితాలోంచి రాలేదు కదా! పన్నెండేళ్ళలో ఆవిడ ఎలా ఎదిగిందన్నదే నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న. ఆయన డైరీలు, ఉత్తరాలు అచ్చులో ఉన్నాయి, డైరీలు చాలావరకు ఇంగ్లీషులో రాసుకున్నారు. వాటిలో రోజువారీ గొడవలు, ఆరోగ్యం, చదివిన పుస్తకాలు కనిపిస్తాయి. ఒక పాత్ర ఎలా పెరిగిందో మాత్రం మన తరఫున ఆయనేం రాసిపెట్టలేదు.

నేను చెప్పొచ్చేది, మావయ్యగారు ఒకే పాఠానికి వేర్వేరు ఏళ్ళలో రాసిన లెసన్ ప్లాన్లు పక్కపక్కన పరిచి చూడండి. అధికారుల కోసం రాసినదైనా సరే, ఏ ఉదాహరణ పోయి ఏది వచ్చిందో తెలుస్తుంది.


తోటపల్లి కాలువ:

అందరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే ముందు ఫోటోలు తీసి, మొదటి పేజీ నుంచి చదివాను. మధ్యలో ఆఫీసులో ఆడిట్ వచ్చి ఆగిపోయింది, అందుకే ఇన్నాళ్ళు కనపడలేదు.

పట్టీల కోసం వెతకొద్దన్న మాట భలే పనిచేసింది. పాత నోట్‌బుక్కుల్లో పట్టీలు లేవు గానీ సోల, గిద్ద ఉన్నాయి. పిల్లల ఇళ్ళలో బియ్యం కొలిచే సామాన్లే స్కూలుకి తెప్పించినట్టున్నారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పావు, అర, ముప్పావు పిల్లలకి చిటికెలో వచ్చేశాయని ఒకచోట సంతోషంగా రాసుకున్నారు. తరవాత నాలుగైదు పేజీలకి "మూడోవంతు ఎలా? సోలలో మూడోవంతు లేదు" అని ఉంది. ఆ ప్రశ్న చుట్టూ గీత గీశారు. అది వేరే నోట్‌బుక్కులో మళ్ళీ వచ్చింది, ఇంకోదాంట్లో మళ్ళీ. ఒకచోట నులక తాడు మూడు మడతలు వేయించి చూశారు, "తాడు సాగుతుంది, పిల్లలు దెబ్బలాడుకుంటారు" అని కొట్టేశారు. ఇంకోచోట అరటిపండు. దాని గురించి "తినేశారు" అని ఒక్కటే మాట. ఇది చదివి మా అత్తయ్య చాలా రోజుల తరవాత పకపకా నవ్వింది.

సోల నోట్‌బుక్కు అట్ట లోపల స్కూలు స్టాంపు మీద సమితి అని ఉంది. డైరీతో కలిపి చూస్తే అందులోని పిల్లల పేర్లు 1983-84 ఐదో తరగతి వాళ్ళవి. రెండు ఆధారాలూ కలిశాయి కాబట్టి అక్కడిదాకా ధైర్యంగా రాయొచ్చనుకుంటున్నా. పట్టీలు కనిపించేది ఇంకా తరవాతి నోట్‌బుక్కులో. పేజీల మధ్య అసలు పట్టీయే దొరికింది, మూడు మడతలు, నాలుగు మడతలు వేసిన రెండు ముక్కలు. వెనక వైపు క్యాలెండరు అచ్చు ఉంది, 1988 అని చదవడానికి వస్తోంది. ట్రైనింగు ఆయన ఏ ఏడు వెళ్ళారో డైరీలో ఉంది, 1990. అంటే ముందే చేశారన్నట్టేగా?


బీరువా తాళం:

తొందరపడకండి. 1988 క్యాలెండరు అంటే ఆ పట్టీ అంతకన్నా ముందు కత్తిరించింది కాదని మాత్రమే. పాత క్యాలెండర్లు టీచర్ల ఇళ్ళలో అట్టలు వేయడానికి ఏళ్ళ తరబడి ఉంటాయి, 1991లో కత్తిరించి ఉండొచ్చు. పట్టీ దొరికిన పేజీ మీద ఏం రాసుంది? అదీ, ఆ పక్క పేజీల్లో పిల్లల పేర్లూ చూడండి.


తోటపల్లి కాలువ:

పక్క పేజీల్లో పిల్లల పేర్లు లేవు. ఆ పేజీలో రాసింది చాలా తక్కువ. "మూడోవంతు వచ్చింది. 1/3, 1/4 పక్కపక్కన పెట్టి చూశారు. టీ.సెం.లో చూపించాలి." అంతే. ఈ టీ.సెం. అంటే ఏమిటో అర్థం కాలేదు.


సిరాబుడ్డి:

టీచర్ సెంటర్ అయ్యుంటుంది. ఏపీపెప్‌లో ట్రైనింగు అయ్యాక చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు అప్పుడప్పుడు ఒకచోట కలిసి, తాము చేసినవి ఒకళ్ళకొకళ్ళు చూపించుకునేవారు, దాన్నే టీచర్ సెంటర్ అనేవారు. అంటే ఆ పేజీ మీ ప్రాంతంలో పథకం మొదలయ్యాక రాసిందే, ట్రైనింగుకి ముందే అన్న వాదన బలహీనపడింది. కానీ ఇంకో సంగతి బయటపడింది చూడండి. "చూపించాలి" అన్నారు, చూశాను అనలేదు. మూడోవంతు గొడవ 1983 నుంచీ ఆయనదే. పట్టీ ఆయనకి ఎలా తట్టిందో ఈ పేజీ చెప్పదు. ట్రైనింగులో కాగితం మడతల గురించి విని, తన పాత ప్రశ్నకి దాన్ని తగిలించుకున్నారో, లేక సొంతంగా చేసి అక్కడ చూపించారో. ఆ ఫోన్ మాస్టారు ఈ పద్ధతిని చూసింది ట్రైనింగులోనా, సెంటర్ మీటింగులో మీ మావయ్యగారి చేతుల్లోనా అన్నది కూడా ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నే.

ఆయన దగ్గరికి వీలైనంత త్వరగా, ఫోన్లో కాకుండా మనిషే వెళ్ళండి. ఆ పట్టీ గానీ ఈ పేజీ గానీ ముందే చూపించకండి, మీ ఊహ కూడా చెప్పకండి. భిన్నాల పాఠం మొదటిసారి అలా ఎవరు చెప్పగా చూశారు, ఏ ఊరి స్కూల్లో, అప్పుడు పక్కన ఇంకెవరున్నారు అని వరసగా అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసుకోండి. పేజీ చూపించడం అంతా అయ్యాక.


తోటపల్లి కాలువ:

ఆదివారం వెళ్తున్నా. ఆయన ఇప్పుడు సాలూరులో కూతురి దగ్గర ఉంటున్నారట, రికార్డింగుకి ఒప్పుకున్నారు.